ఒక వారం, రెండు భాషలు



"ఈ వారం మీ ఊళ్ళో విశేషాలేమిటి?" అని ఎవరైనా అడిగితే, "ఏముంటాయప్పా, ఎండ, దుమ్ము, మామూలే" అని చెప్పి ఊరుకుంటాం. పత్రికలో పడే సంగతి ఒక్కటీ జరగని వారాలే ఎక్కువ. కాని మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. చెవులు తెరుచుకుని వీధి అరుగు మీద కూర్చుంటే చాలు, వినోదం మన దగ్గరికే నడిచి వస్తుంది. ఎందుకంటే మన వీధుల్లో రెండు భాషలు తిరుగుతుంటాయి. ఆ రెండూ అక్కచెల్లెళ్ళు. అక్కచెల్లెళ్ళు ఒకరి చీర ఒకరు కట్టుకున్నట్టు ఇవి కూడా ఒకదాని మాట ఒకటి కట్టుకుని బజారుకు వస్తాయి. వెనకనుంచి చూసి అక్క అనుకుని పిలిస్తే చెల్లెలు తిరిగి చూస్తుంది.

మా బళ్ళారి సంగతే తీసుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా ఎటు పోవాలనే దాని మీద చాలా వాదాలు నడిచి, చివరకు అది మైసూరు రాష్ట్రంలో చేరింది. పెద్దవాళ్ళు గీత గీసింది నేల మీద. నాలుక మీద గీత గీయడం ఎవరి తరమూ కాలేదు. అందుకే ఇక్కడ ఒకే నోటితో పొద్దున తెలుగు, మధ్యాహ్నం కన్నడం, సాయంత్రానికి రెండూ కలిపిన ఇంకేదో మాట్లాడుతూ ఉంటాం. మనకు అలవాటైపోయి అందులోని వింత కనిపించదు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడే కనిపిస్తుంది.

మా పక్కింట్లోకి ఈమధ్య ఒక కొత్త కోడలు వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ తెనాలిలో. కన్నడం ఒక్క ముక్క రాదు. ఆ అమ్మాయి పుణ్యమా అని పోయిన వారమంతా మా వీధికి మంచి కాలక్షేపం అయింది. ఆ వారం ఎలా గడిచిందో మీకు చెబుతాను.

సోమవారం తెల్లవారుజామున పాలవాడు గుమ్మంలో నిలబడి "అమ్మా, హాలూ!" అని కేక వేశాడు. లోపలినుంచి కోడలు ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది. "హాల్లో ఎవరూ లేరండీ, అందరూ వంటింట్లో ఉన్నారు!" పాలవాడు కాసేపు ఆలోచించి, "పర్వాగిల్లమ్మా, పాత్రె తన్ని" అన్నాడు. పాత్ర తెమ్మన్నాడని మనకు తెలుసు. "పొద్దున్నే తన్నడమేమిటండీ!" అని ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కు వేసింది. అత్తగారు నవ్వాపుకుంటూ వచ్చి గిన్నె పట్టింది.

ఆ తర్వాత అత్తగారు కోడలికి ఒక చిట్కా చెప్పింది. "మన ప తీసేసి అక్కడ హ పెట్టుకో తల్లీ. పాలు హాలు అవుతుంది. పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు, పల్లె హళ్ళి, పొగ హొగె. అంతే కన్నడం!" ఆమె ఏ వ్యాకరణ గ్రంథమూ చదవలేదు. అయినా చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. పాత కన్నడంలో ఈ మాటలు ప తోనే కనిపిస్తాయి. తర్వాతి శతాబ్దాల్లో ఆ ప కాస్తా హ గా మారింది. తెలుగులో మారలేదు.

చిట్కా దొరికితే ఊరుకునే అమ్మాయి కాదు. మంగళవారం తానే కొట్టుకు వెళ్ళి "అరకేజీ హప్పు ఇవ్వండి" అని అడిగింది. కొట్టాయన రెండోసారి అడగకుండా ఉప్పు పొట్లం చేతిలో పెట్టాడు. కన్నడంలో పప్పు హప్పు కాదు, బేళె. ప్రతి ప కారమూ హ కారం కాదు. పూజ పూజగానే ఉంటుంది, పుస్తకం పుస్తకంగానే ఉంటుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటల దగ్గర ఈ మంత్రం పారదు. పప్పు దగ్గర ఎందుకు పారలేదో అత్తగారినే అడగాలి.

కొట్టులోనే ఆ అమ్మాయికి ఇంకో గండం ఎదురైంది. పక్కన నిలబడిన ఒకాయన "అక్కి ఇప్పత్తైదు కేజి" అన్నాడు. తెలుగు పల్లెల్లో అక్కి అంటే ఏమిటో పెద్దవాళ్ళకు తెలుసు. ఒంటి మీద నిప్పులు చల్లినట్టు పొక్కులు లేచి మండే జబ్బు అది. ఒకప్పుడు కుమ్మరి చేత ఎర్రమట్టితో అక్కి రాయించుకునేవాళ్ళు. తెనాలి అమ్మాయి ఇంటికి వచ్చి, "పాపం అత్తయ్యా, ఆయనకు అక్కి వచ్చిందట. దాన్నికూడా కేజీల్లో చెబుతున్నాడు" అంది. అత్తగారు పొయ్యి మీది గిన్నె మూత తీసి చూపించింది. "ఇదే తల్లీ అక్కి. నీకు పెళ్ళయిన రోజునుంచీ మూడు పూటలా అదే పెడుతున్నాను." కన్నడంలో అక్కి అంటే బియ్యం.

బుధవారం వేడుక మా బడిలో జరిగింది. ఇంటిపని చేయని కుర్రవాడు ఒకడు హెడ్మాస్టరుగారి ముందు నిలబడి కారణాలు చెబుతున్నాడు. నిన్న అవ్వకు జ్వరం, మొన్న దీపాలు పోయాయి, అంతకు ముందురోజు మేక నోట్‌బుక్కు తినేసింది. హెడ్మాస్టరుగారు ధారవాడ వైపు వారు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడరు. "సాకు, సాకు!" అన్నారు చేయి ఎత్తి. కన్నడంలో సాకు అంటే చాలు. ఆయన ఉద్దేశం ఇక చాలించమని. తెలుగులో సాకు అంటే ఏమిటో మీకు తెలుసు. కుర్రవాడు ముఖం ముడుచుకుని "సాకు కాదు సార్, నిజంగానే తినింది" అన్నాడు. ఒకే మాటతో ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారు! ఇంకో తమాషా ఏమిటంటే, సాకు అంటే పెంచు, పోషించు అనే అర్థం రెండు భాషల్లోనూ ఉంది. మేకను సాకడం ఇక్కడా అక్కడా సాకడమే. అది నోట్‌బుక్కు తిన్న తర్వాత కూడా.

ఇక గురువారం. తెనాలి వాళ్ళకు గురువారం గాని, మన పల్లెల్లో తెలుగువాళ్ళకూ కన్నడం వాళ్ళకూ అది బేస్తవారమే. ఆ సాయంత్రం మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఎనభై దాటిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయనకు రెండు భాషలూ కొట్టిన పిండి. కొట్టు కుర్రవాడు "తాతా, సక్కరె బేకా, బేడవా?" అని అడిగాడు. కావాలా, వద్దా అని. తాత నవ్వి, "బేడకు చక్కెర వచ్చే రోజులు పోయినాయి నాయనా" అన్నాడు.

కుర్రవాడికి అర్థం కాలేదు. తెలుగులో బేడ అంటే రెండణాలు. రూపాయికి పదహారు అణాలు, అంటే ఎనిమిది బేడలు. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి. ఆ లెక్కన బేడ అంటే పన్నెండున్నర పైసలు. అర పైసను ఎవరూ ఎక్కడా ఇవ్వలేక, పుచ్చుకోలేక ఆ రోజుల్లో అంగళ్ళలో ఎన్ని తగాదాలు పడ్డారో తాత చెబుతుంటే టీ చల్లారిపోయింది. చివరికి తాత మనవడి సెల్‌ఫోన్‌తో డబ్బు కట్టాడు. అంగట్లో పెట్టిన చిన్న డబ్బా "హత్తు రూపాయి" అని పెద్ద గొంతుతో అరిచింది. పాత పత్తే హత్తు అయింది, పది రూపాయలు అందాయని అర్థం. తాత లేస్తూ, "చూశారా మేష్ట్రే, టీ తాగినందుకు రూపాయిని హత్తుకోమంటోంది. హత్తుకుందామంటే నోటేదీ?" అన్నాడు. రెండు భాషలు వచ్చినవాడికి ముసలితనంలో ఒంటరితనం ఉండదని ఆ రోజు అనిపించింది. తనతో తానే పరాచికాలాడుకోగలడు.

శుక్రవారం కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాను. మన దగ్గర ఎవరి ఇంటి భాష ఏదో మాటను బట్టి కనిపెట్టడం కష్టం. నాతో కన్నడంలో బేరమాడిన ఆమె పక్క అంగడి ఆయనతో ఉర్దూలో వాదులాడుతుంది. ఫోన్లో కూతురితో తెలుగు మాట్లాడుతుంది. కాలికి రాయి తగిలినప్పుడు నోటినుంచి వచ్చేదే మాతృభాష అని చిన్నప్పుడు కథల్లో విన్నాం. ఆ పరీక్ష మన దగ్గర పనికిరాదు. రాయి తగిలితే తెలుగువాడూ "అమ్మా" అంటాడు, కన్నడిగుడూ "అమ్మా" అంటాడు. నేను కనిపెట్టిన పరీక్ష వేరు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు పెదవులు చూడాలి. బేరం ఏ భాషలో జరిగినా, నోట్లు చేతికి వచ్చాక పెదవులు చిన్నప్పుడు వేలు మడిచి నేర్చుకున్న భాషలోనే కదులుతాయి. ఆమె నాకు చిల్లర ఇస్తూ లోలోపల "ఇరవై, ముప్పై, నలభై" అనుకుంది. నేను తెలుగులో "ఇంకో కొత్తిమీర కట్ట వెయ్యమ్మా" అన్నాను. అంతసేపు బేరంలో దిగిరాని మనిషి నవ్వుతూ కట్ట వేసింది. ఇంటి భాష విలువ ఎంతంటే, మా మార్కెట్టులో ఒక కొత్తిమీర కట్ట.

శ్రోతలారా, ఇంతవరకూ నవ్వుకున్నాం. శనివారం సంగతికి వచ్చేసరికి నవ్వుతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఇంకా వేడెక్కని పొద్దు, ఒంటిపూట బడి. మా ఒకటో తరగతికి కొత్తగా వచ్చిన టీచరమ్మ మలెనాడు వైపు అమ్మాయి. ఆమె ఊళ్ళో తెలుగు వినపడదు. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. తరగతిలో ఒక పిల్లవాడి గురించి రెండు వారాలుగా బాధపడుతోంది. పుస్తకం తెరిచి ఇచ్చి "ఓదు" అంటుంది. పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. మళ్ళీ తెరిచి, కాస్త గట్టిగా "ఓదు!" అంటుంది. పిల్లవాడు గబగబా మూసి, సంచిలో పెట్టేసి, చేతులు కట్టుకుంటాడు. వీడికి మొండితనమా, వినికిడి లోపమా అని ఆమె సందేహం. తోటి పిల్లలు అప్పుడే "మొద్దు" అని పేరు పెట్టేశారు.

పక్క గదిలో ఉన్న నాకు ఆ రోజు ఆ మాట కిటికీలోంచి వినిపించింది. కన్నడంలో ఓదు అంటే చదువు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు ఆలూరు వైపునుంచి కూలిపనికి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు తప్ప వేరే భాష లేదు. వాడి చెవికి ఓదు అన్న మాట ఎలా పడుతుంది? "వద్దు" అని. టీచరమ్మ వద్దంటోంది. వాడు మూసేస్తున్నాడు. గట్టిగా వద్దంటోంది. ఇంకా గట్టిగా మూసేస్తున్నాడు. ఆ తరగతిలో టీచరు మాటను తు.చ. తప్పకుండా పాటించిన పిల్లవాడు వాడొక్కడే. మొండివాడన్న పేరు వచ్చింది కూడా వాడొక్కడికే.

ఈ సంగతి చెప్పగానే టీచరమ్మ ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపి పిల్లవాడి వైపు చూసింది. "తెలుగులో ఏమనాలి సార్?" అని అడిగింది. తరగతిలోకి తిరిగి వెళ్ళి పుస్తకం తెరిచి "చదువు" అంది. పిల్లవాడు తల ఎత్తి చూశాడు. వేలు పెట్టి మొదటి అక్షరం చదివాడు. రెండోది చదివాడు. పేజీ చివర దాకా వెళ్ళాడు. అప్పుడామె వాడి భుజం తట్టి, "చదువు అందరే ఓదు, ఓదు అందరే చదువు" అంది. బడి వదిలే వేళకు పిల్లలందరూ అదే పాటలా పాడుకుంటూ ఇళ్ళకు పోయారు.

ఆలోచించి చూడండి. హాలు విషయంలో వీధంతా నవ్వినా తెనాలి కోడలికి వచ్చిన నష్టమేమీ లేదు. పెద్దది, మర్నాటికి తానూ నవ్వుతుంది. కాని ఆరేళ్ళ పిల్లవాడికి అలాంటి చిన్న పొరపాటే చాలా ఖరీదవుతుంది. "నాకు చదువు రాదు" అని వాడు ఒకసారి నమ్మేశాడంటే ఆ నమ్మకాన్ని తీసేయడం ఏ టీచరుకైనా కష్టం. ఇలాంటి సందర్భాల్లో తల్లిదండ్రులకు ఒక సలహా వినిపిస్తూ ఉంటుంది. "ఇంట్లో తెలుగు మానేసి కన్నడమే మాట్లాడండి, పిల్లవాడు బాగుపడతాడు" అని. దయచేసి ఆ పని చేయకండి. మీకు సరిగా రాని భాషలో పిల్లవాడితో మాట్లాడితే వాడికి వచ్చేది మీ తడబాటే. మీకు వచ్చిన భాషలో కథలు చెప్పండి, లెక్కలు చెప్పండి, పొడుపు కథలు వేయండి. ఇంట్లో మాటలు పుష్కలంగా ఉన్న పిల్లవాడు బడి భాషను త్వరగా పట్టుకుంటాడు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధన అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. దాన్ని 1956లో చేర్చారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలున్న చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన మంచిదంటుంది. మన బడులన్నిట్లో అది ఎప్పటికి కుదురుతుందో గాని, ఒక టీచరు రెండు భాషల్లో ఒక్క మాట చెప్పడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇక ఆదివారం. శనివారం రాత్రే పక్కింటి అత్తగారు ఫోన్లో ఎవరితోనో "నాళె బీగరు బర్తారె" అంటుంటే కోడలు విన్నది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆ అమ్మాయి నేర్చుకున్న మాట బీగం. తెనాలిలో తాళం అనేదాన్ని మన వైపు బీగం అంటాం. "రేపు కొత్త తాళాలు వస్తున్నాయా అత్తయ్యా?" అని అడిగింది. కన్నడంలో బీగరు అంటే వియ్యంకులు. వస్తున్నది తాళాలు కాదు, ఆమె అమ్మా నాన్నా!

వియ్యంకుడుగారు రైలు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎదురింటి కన్నడ పెద్దమనిషి మర్యాదగా "ఊట ఆయితా?" అని పలకరించాడు. భోజనమైందా అని. తెలుగులో ఊట అంటే నేలలోనుంచి ఊరే నీరు. కృష్ణా కాలువల కింద బతికిన మనిషి కదా, ఆయన ఉత్సాహంగా "మా వైపు ఊటకేం కొదవండీ, కాస్త తవ్వితే చాలు" అన్నారు. తవ్వి తీసే భోజనమేమిటో ఎదురింటాయనకు బోధపడలేదు. నేను మధ్యలో దూరి ఇద్దరికీ చెప్పాక ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం ఎదురింటాయన ఇంట్లోనే ఆయనకు ఊట. జొన్నరొట్టె, వంకాయ కూర.

సాయంత్రం ఆయన్ను బజారుకు తీసుకువెళ్ళాను. తెనాలి వారికి నాటకాలంటే మక్కువ. బళ్ళారి అనగానే ఆయనకు గుర్తొచ్చింది బళ్ళారి రాఘవ. 1880 నుంచి 1946 వరకు జీవించిన ఆ మహానటుడు తెలుగులోనూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ నటించాడు. ఆయన పేరున్న కళామందిరం ముందు నిలబడి వియ్యంకుడుగారు పైన కన్నడంలో ఉన్న అక్షరాల వైపు చూశారు. ఉన్నట్టుండి ఒకటో తరగతి పిల్లవాడిలా "రా... ఘ... వ..." అని చదివారు. నా వైపు తిరిగి, "మేష్టారూ, నాకు కన్నడం వచ్చేసిందండీ!" అన్నారు. క దగ్గర ఆగారు. అక్కడ కాస్త సాయం చేస్తే చాలు, ళ, మ, ద, ర వాటంతటవే వచ్చేశాయి. అరవై ఏళ్ళు దాటిన మనిషి ముఖంలో అంత సంతోషం చూడడం ఆ వారం మొత్తానికీ నాకు పెద్ద వింత. బజారు తిరిగినంతసేపూ మందుల షాపు, బట్టల షాపు, మంగలి షాపు, దేన్నీ వదలకుండా చదువుతూనే ఉన్నారు.

అందులో మాయ ఏమీ లేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకటే. ఇప్పటికీ అ, గ, న, ర, ల, వ వంటి అక్షరాలను చూస్తే ఒకే చేతి రాత అనిపిస్తుంది. మనం తలకట్టును టిక్కులా గీస్తాం, వాళ్ళు పడుకోబెట్టి చివర చిన్న వంపు తిప్పుతారు. క, త, శ, హ వంటి కొన్ని అక్షరాల దగ్గర మాత్రం కాస్త కష్టపడాలి.

తెలుగు చదివిన ఆయన అటునుంచి కన్నడంలోకి ఒక్క సాయంత్రంలో అడుగుపెట్టగలిగితే, కన్నడం చదివే మన పిల్లలు ఇటునుంచి తెలుగులోకి రాలేరా? మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు గాని, అవ్వ పేరు తెలుగులో రాయమంటే పెన్ను కింద పెట్టేస్తారు! వాళ్ళకు అది కొండలా కనిపిస్తుంది. నిజానికి చాలా మెట్లు బడిలోనే ఎక్కేశారు. మిగిలినవి కొన్నే. వచ్చే ఆదివారం ఒక అరగంట కూర్చోబెట్టండి. వాళ్ళ కన్నడ పుస్తకం ఒక పక్క, మీ తెలుగు పంచాంగమో పెళ్ళిపత్రికో ఒక పక్క పెట్టండి. ఏ అక్షరాలు ఒకేలా ఉన్నాయో వాళ్ళనే వెతకమనండి. ఆటలాగే సాగనివ్వండి. తప్పు చదివితే కలిసి నవ్వండి, వాణ్ణి చూసి నవ్వకండి. మీకు తెలుగు రాయడం రాకపోతే పిల్లవాడితో పాటు మీరూ నేర్చుకోండి.

పాపో బాబో పుస్తకం తెరిచి మీ వైపు చూసినప్పుడు "చదువు" అనండి, "ఓదు" అనండి, రెండూ అనండి.

సెలవు. నమస్కారం.